బండి లోపలి దీపం

ఫిబ్రవరి 3

ఒరేయ్ చిన్నోడా,

నేను మీ బావని. చేతిరాత చూసి ఎవడో చంటిపిల్లాడు రాశాడనుకోకు. గోడలో ఒక్క ఇటుక వంకరగా ఉంటే నాకు ముద్ద దిగదు గానీ, అక్షరం వంకరగా ఉంటే ఇల్లేమీ కూలిపోదు. కూడబలుక్కుని చదువుకో.

నన్ను ఫోను చెయ్యమని నీ పెళ్ళాం ఎవరితోనో కబురు పెట్టింది. ఫోనంటే నాకు ఒక చెవికి వినపడదు. రెండో చెవికి నువ్వేం చెప్పినా తిడుతున్నట్టే వినపడుతుంది. నేనూ తిడతాను. అందుకే రాస్తున్నా. నువ్వూ రాయి. విరిగింది కాలే కదా, చెయ్యి కాదుగా. జాకీని నమ్మి బండి కింద పాదం పెట్టిన మొనగాణ్ణి నిన్నే చూశా. తలకాయ పెట్టలేదు, అదే పదివేలు.

ఇక సంగతి. మా కారు బండి బ్యాటరీ దిగిపోతోంది. సాయంత్రం సైటు నుంచి వచ్చి, మీ అక్కని అలా ఒక చుట్టు తిప్పుదామని తాళం తిప్పితే టిక్ టిక్ అంటుంది. అంతే, ఇంక కదలదు. బ్యాటరీ పాతదా అంటే కాదు, పోయిన వేసవిలో వేయించిందే. షాపువాడు ఛార్జింగు పెట్టి ఇస్తే రెండ్రోజులు కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, ఆ తర్వాత నాలాగా. తోసి తోసి మా వీధిలో వాళ్ళందరికీ కండలు తిరిగాయి. నేను గేటు తీస్తే చాలు, ఎదురింటి టైలరు చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

ఇదంతా నీ నిర్వాకమే. పోయినసారి వచ్చినప్పుడు పాటల పెట్టె ఒకటి బిగించి పోయావు. అంతకుముందు ఈ రోగం లేదు. ఇన్నేళ్ళు ఆ ఇటుకరంగు బండి నోరెత్తకుండా నా మాట విన్నది. నీ వైర్లు దూరాకే దానికి వంకలు వచ్చాయి. ఊళ్ళో అందరి బండ్లకీ కరెంటు పని చేస్తావు, సొంత బావ బండికి మాత్రం ఈ అతుకుల పని.

ఏం చెయ్యాలో రాయి.

మీ అక్క బాగానే ఉంది.

చెయ్యి నొప్పి పుట్టింది, ఆపుతున్నా.

బావ


ఫిబ్రవరి 10

బావగారికి నమస్కారాలు.

కవరు మీద రాత చూసి ముందు భయం వేసింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మీరు చెప్పడం, అక్క రాయడం, మధ్యలో మీ తిట్లు అక్క తీసి పారేయడం. మీ ఉత్తరాలన్నీ అలాగే వచ్చాయి. ఈసారి తిట్లు వడపోసేవాళ్ళు లేక నేరుగా దిగాయి.

అక్క ఎందుకు రాయలేదు బావగారూ? ఫోను చేస్తే తీయడం లేదు. ఒకసారి తీసింది, నేను "అక్కా" అనగానే ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది. పోయినసారి వచ్చినప్పుడు నేను "ఈ డబ్బాని అమ్మి పారేయండి" అన్నాను కదా, అందుకేనా? ఆ మాటకి అక్క ముఖం చిన్నబోవడం నేను చూశాను. నవ్వులాటకి అన్నానని చెప్పండి.

పాటల పెట్టె సంగతి. తాళం తిప్పితే తప్ప దానికి కరెంటు అందదు, అలాగే కలిపాను. నా పని మీద మీకు నమ్మకం లేకపోతే పీకేయండి. నేనేమీ అనుకోను. అనుకున్నా మంచం మీద నుంచి లేవలేను కాబట్టి మీకేం భయం లేదు.

దానికన్నా ముందు తప్పు బ్యాటరీదా బండిదా తేల్చాలి. ఛార్జింగు పెట్టించి, తీగలు విప్పేసి, ఒక వారం పాటు దాన్ని ఊరికే అరుగు మీద ఉంచండి. వారం పోయాక కూడా బలంగా ఉంటే బ్యాటరీ మంచిదే, బండే దాన్ని తాగేస్తోందని అర్థం. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. దానికీ నన్నే తిడతారు.

మా ఆవిడ నమస్కారాలు చెప్పమంది. కాలులో రాడ్డు వేశారు. దురద పుడితే గోక్కోవడానికి లేదు, అదొక్కటే నరకం.

మీ చిన్నోడు


ఫిబ్రవరి 22

ఒరేయ్,

బ్యాటరీ వారం అరుగు మీద కూర్చుంది. మళ్ళీ బిగించి తిప్పితే గుర్రంలా లేచింది. కాబట్టి బ్యాటరీది తప్పు లేదు.

నీ పెట్టె పీకేశా. పీకేటప్పుడు దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు కొంచెం పగిలింది. మూడోనాటికి బ్యాటరీ మళ్ళీ దిగింది. కాబట్టి నీ పెట్టెది కూడా తప్పు లేదు. ఇంతకన్నా పెద్ద క్షమాపణ నా దగ్గర దొరకదు, దీంతో సరిపెట్టుకో.

మీ అక్కకి కోపమే. ఎవరికి రాదు? ఆ బండి కొన్నరోజు దాన్ని తుడవడానికి తన పాత చీర చింపింది. అలాంటిదాన్ని పట్టుకుని డబ్బా అంటావా? నీ పేరెత్తితే అటు తిరిగి కూర్చుంటోంది. తగ్గుతుందిలే. నువ్వు ఊరికే ఫోన్లు చేసి విసిగించకు.

వంట ఇప్పుడు నేనే చేస్తున్నా. నవ్వకు. సిమెంటు పాళ్ళు తెలిసినవాడికి కూర పాళ్ళు తెలియవా? నిన్న ఒక తమాషా జరిగింది. గ్యాసు పొయ్యి నాబులు పీకి జేబులో వేసుకుని సైటుకి పోయా. మట్టం చూద్దామని జేబులో చెయ్యి పెడితే దారం బదులు నాబులు వచ్చాయి. కూలోళ్ళు పడీ పడీ నవ్వారు. "మేస్త్రీ, ఇంట్లో పొయ్యి కూడా కట్టుకొచ్చావా" అని.

సైటంటే నా శిష్యుడిదే. నేను పక్కన లేకపోతే వాడి గోడ గర్భిణీ స్త్రీలా ముందుకు వస్తుంది. అందుకే రోజూ భోజనం చేసి పోతా, టీ వేళకి వస్తా. ఆ టైములో మీ అక్క పడుకుంటుంది.

బండి తాగుతోందని తేలింది. ఎక్కడ తాగుతోందో చెప్పు.

కాలు కదపకు.

బావ


మార్చి 1

బావగారూ,

మీ క్షమాపణ అందింది. ఫ్రేము కట్టిస్తాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చెయ్యండి. ఇండికేటరులో వేసే చిన్న బుల్బు ఒకటి, దానికి రెండు తీగలు తెచ్చుకోండి. బండి తలుపులన్నీ వేసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. విప్పిన తీగకీ బ్యాటరీకీ మధ్య ఈ బుల్బు పెట్టండి. బండి నిద్రపోతుంటే బుల్బు వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో తాగుతోందన్నమాట. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడండి. ఏది పీకితే బుల్బు ఆరిపోతుందో ఆ దారిలోనే లీకు ఉంది. మీరు నీళ్ళ ట్యాంకు ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి గొట్టాలు ఒక్కొక్కటే కట్టేస్తారు కదా, ఇదీ అంతే.

కిందిది అక్కకి. చదివి వినిపించండి. మధ్యలో మీ మాటలు కలపకండి.

అక్కా, నాది నోరు కాదు, చెత్తబుట్ట. ఆ బండిలో నువ్వు ముందు సీట్లో కూర్చుని చీర కొంగు తలుపులో పడకుండా సర్దుకోవడం నాకు కళ్ళముందే ఉంటుంది. దాన్ని డబ్బా అన్నందుకు నన్ను కొట్టు గానీ మాట్లాడకుండా ఉండకు. అమ్మ పోయాక నన్ను మీ ఇంటికి తెచ్చుకున్నప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదని నువ్వే చెప్తావు కదా. బడి వదిలాక అందరూ వెళ్ళిపోయినా గేటు దగ్గరే నిలబడేవాణ్ణి. ఆలస్యమైనా వస్తావని తెలుసు. ఎంత ఎండయినా నడిచి వచ్చేదానివి. ఇప్పుడూ అలాగే నిలబడ్డాను అనుకో. కోపం పోయిందని ఒక్క ముక్క బావగారితో రాయించు.

మీ చిన్నోడు


మార్చి 9

చిన్నోడా,

వెలగలేదు.

నువ్వు చెప్పినట్టే చేశా. తలుపులన్నీ వేశా. మీ అక్క పక్కన నిలబడి తీగలు లాగుతుంటే లోపలికి పంపించేశా. బుల్బు పెట్టా. వెలగలేదు. నీ మాట కాదనకుండా ఫ్యూజులు కూడా పీకి పీకి పెట్టా. గోళ్ళు అరిగాయి. దీపం లేదు, ధూపం లేదు. బండి చంటిపిల్లలా నిద్రపోతోంది. మరి నేను లేనప్పుడు బ్యాటరీని ఎవడు తాగుతున్నాడు? దెయ్యమా?

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించా. మొత్తం విన్నది. ఏమీ అనలేదు. కోపం ఇంకా ఉంది. పట్టుదల మనిషి, నీకు తెలియందేముంది.

ఆ టైలరుతో నాకు మాటలు లేవు. మొన్న తోసేటప్పుడు "మేస్త్రిగారూ, మధ్యాహ్నం పూట అమ్మగారు..." అంటూ ఏదో మొదలుపెట్టాడు. నా ఇంటి సంగతి నాకు చెప్పడానికి వాడెవడు? "నీ బొత్తాలు నువ్వు కుట్టుకో" అన్నా. ముఖం మాడ్చుకుని పోయాడు. తోసేవాళ్ళలో ఒకడు తగ్గాడు.

పని తెలిసినవాడివైతే సరైన దారి చెప్పు.

బావ


మార్చి 15

బావగారూ,

దొంగ మీరు చూస్తుండగా దొంగతనం చేస్తాడా? దాక్కుని పట్టుకోవాలి. ఆ బుల్బు మళ్ళీ అలాగే పెట్టి, బానెట్ కొంచెం ఎత్తి ఉంచండి. ఒక రోజు సైటు మానేయండి. మీ శిష్యుడి గోడ ఒక్క పూట వంగితే ప్రపంచం మునిగిపోదు. ఇంట్లోనే కూర్చుని, కిటికీలోంచి ఆ బుల్బునే చూస్తూ ఉండండి. ఎప్పుడు వెలిగితే అప్పుడు వెళ్ళి చూడండి.

ఇంకోటి. మీ ఉత్తరం మా ఆవిడ కూడా చదివింది. గ్యాసు నాబుల దగ్గర నేను నవ్వాను, తను నవ్వలేదు. "నాబులు పీకి జేబులో ఎందుకు వేసుకున్నారు ఆయన? వదినగారికి ఒంట్లో బాగుందా?" అని అడిగింది. అక్క బాగానే ఉందా బావగారూ? ఏదన్నా ఉంటే దాచకండి. ఏప్రిల్ నెలాఖరుకి గానీ నన్ను నడవనివ్వరు. అవసరమైతే మా ఆవిడని ముందు పంపుతాను.

అక్క ఏమీ అనలేదని రాశారు. కనీసం తిట్టినా బాగుండేది.

మీ చిన్నోడు


మార్చి 21

చిన్నోడా,

దొంగ దొరికింది.

సైటు మానేసి కిటికీ దగ్గర కూర్చున్నా. కునుకు పట్టబోతుంటే బానెట్ కింద బుల్బు వెలిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తా. ఏమీ లేదు. డ్రైవరు పక్క సీటు తలుపు. మీ అక్క మధ్యాహ్నం అందులో కూర్చుంటోంది, గాలికి. తలుపు గట్టిగా లాగే బలం చేతుల్లో లేదు, అంటీ అంటనట్టు ఉంచుతోంది. లోపల కప్పుకి ఉండే దీపం వెలుగుతూనే ఉంటుంది. తను లేచి ఇంట్లోకి వచ్చాక కూడా ఆ తలుపు అలాగే ఉంటుంది. చూస్తే వేసినట్టే కనపడుతుంది. నేను వచ్చి తాళం తిప్పేముందు ఆవిణ్ణి ఎక్కించి తలుపు గట్టిగా వేస్తా. అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. అదీ సంగతి.

మీ ఆవిడకి చెప్పు, మీ వదినకి ఏ రోగమూ లేదు. గుండ్రాయిలా ఉంది. ఎవర్నీ పంపక్కర్లేదు. నా ఇంట్లో మనిషిని చూసుకోవడం నాకు చేతకాదనా? నిన్ను పెంచినవాణ్ణి, నా పెళ్ళాన్ని చూసుకోలేనా?

ఆ తలుపుకి ఏం చెయ్యాలో చెప్పు. రోజూ తనని ఎలా కాపలా కాయను?

బావ


మార్చి 27

బావగారూ,

మిమ్మల్ని నొప్పించాలని కాదు. మా ఆవిడ తరఫున నేను లెంపలేసుకుంటున్నాను.

అక్క బండిలో కూర్చుంటోందని చదివి నాకెంత సంతోషం వేసిందో! నా మీద కోపం బండి మీదకి పోలేదు, అదే చాలు.

దొంగ ఇంత చిన్నవాడని తెలిస్తే ఫ్యూజులన్నీ పీకించేవాణ్ణి కాదు. తలుపు జోలికి పోకండి. కప్పుకి ఉన్న ఆ ప్లాస్టిక్ మూత గోటితో లాగితే ఊడి వస్తుంది. లోపల వేలెడంత బుల్బు ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టేయండి, పారేయకండి. ఇక అక్క ఎంతసేపు కూర్చున్నా, తలుపు ఎలా ఉంచినా బ్యాటరీకి ఏమీ కాదు. పట్టపగలు ఆ దీపంతో పనేముంది?

వచ్చే నెలాఖరుకి వస్తాను. అక్క కోపాన్ని నేనే ఎదురుగా కూర్చుని దింపుతాను.

మీ చిన్నోడు


ఏప్రిల్ 2

చిన్నోడా,

పని తెలిసినవాడివే. ఒప్పుకున్నా. బుల్బు తీసేశా. అప్పటి నుంచి ఏ రోజు తిప్పినా ఒక్క తిప్పుకే లేస్తోంది. తోసేవాళ్ళకి పని లేకుండా పోయింది. టైలరు తలుపు చాటు నుంచి చూస్తున్నాడు, వాడి కళ్ళెదుటే హారను కొట్టా.

మీ అక్కే వింతగా ఉంది. తలుపు తీస్తే దీపం రాలేదట. "బండి చచ్చిపోయింది, ఇక నడిచే వెళ్ళాలి" అంటోంది. నేను ఇంజను స్టార్టు చేసి చూపించా. అయినా "దీపం లేదుగా" అంటుంది. బండికి ప్రాణం ఇంజనులో ఉంటుందా, దీపంలో ఉంటుందా? నువ్వే చెప్పు. ఆడవాళ్ళకి బండి సంగతి చెప్పడం కన్నా గోడకి చెప్పడం నయం.

గోడ అంటే గుర్తొచ్చింది, సైటుకి వేళయింది.

బావ


ఏప్రిల్ 25

బావగారికి,

నన్ను వ్యానులో పడుకోబెట్టి తెచ్చేసరికే అక్క లేదు. ఉన్న రెండు రోజులూ మీరు నాతో మాట్లాడలేదు. నేను ఏదడిగినా గోడవైపు తిరిగారు. నేనూ చెప్పకుండానే వచ్చేశాను.

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను, తిట్టుకున్నా సరే.

అక్కని చేర్చిన ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఆవిడకి మతిమరుపు మొదలై ఎన్నాళ్ళయింది అని అడిగాడు. తమ్ముణ్ణి అయ్యుండి తెలియదన్నాను. ఆయన నావైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను.

పెద్దరోడ్డు మీద నేను చదువుకున్న ఆ బడికి అదే వ్యానులో వెళ్ళాను. కాపలా మనిషి అంతా చెప్పాడు. మంచి ఎండలో వచ్చిందట. ఎవరో పిల్లల నాయనమ్మ అనుకున్నాడట. గంట కొట్టాక వచ్చే ప్రతి పిల్లాడి ముఖంలోకీ చూసిందట. అందరూ వెళ్ళిపోయాక "లోపల ఇంకెవరన్నా ఉన్నారా బాబూ, మావాడు రాలేదు" అని అడిగిందట. ఎవరూ లేరమ్మా అంటే నమ్మలేదట. "వాడు నేనొచ్చేదాకా కదలడు" అని గోడ పక్కన ఎండలోనే కూర్చుందట. ఇతను తాళాలు వేసి వచ్చి పిలిస్తే పలకలేదట.

ఎవరి కోసం వెళ్ళిందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇన్ని ఉత్తరాలు రాశారు. ఫ్యూజుల గురించి, టైలరు గురించి, కూర గురించి. ఇదొక్కటి రాయలేదు. అక్కకి నా మీద కోపమని రాశారు. కోపమని నమ్మి నేనిక్కడ మంచం మీద కుమిలిపోయాను. ఎందుకు బావగారూ?

వచ్చేముందు బండిలో కాసేపు కూర్చున్నాను. సిగరెట్ బూడిద పడేసే అరలో కాగితంలో చుట్టి ఆ బుల్బు ఉంది. దాన్ని తియ్యమన్నది నేనే. "దీపం లేదుగా, నడిచే వెళ్ళాలి" అందని మీరు రాస్తే, చదివి నవ్వినవాణ్ణి కూడా నేనే.



చిన్నోడు


మే 4

చిన్నోడా,

నీ ఉత్తరం రోజూ చదువుతున్నా. చదవడానికి నాకు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి దెబ్బ కూడా నిదానంగా తగులుతుంది.

అడిగావు కాబట్టి చెప్తా. పోయిన ఏడాది మొదలైంది. అంగడికి వెళ్ళి ఇల్లు మర్చిపోయింది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మంట ఆర్పడం మర్చిపోయింది, అందుకే నాబులు జేబులో. రాయడం మర్చిపోయింది. నాకు అక్షరాలు నేర్పింది తనే. తను నేర్పిన అక్షరాలు తనకే రాసి చూపిస్తే "బాగున్నాయి, ఏంటివి?" అంది. ఒకరోజు పొద్దున్నే నన్ను చూసి కొంగు సర్దుకుని, "మేస్త్రిగారూ, మా ఆయన ఇంట్లో లేరు, వచ్చాక మాట్లాడండి" అంది. "సరే అమ్మా" అని అరుగు మీద కూర్చున్నా. కాసేపటికి తనే టీ తెచ్చి, "బయట కూర్చున్నావేంటి" అంది. ఇది నీకు ఎలా రాయమంటావు? ఏ అక్షరాలతో రాయమంటావు?

ఎవరికన్నా చెప్తే తీసుకెళ్ళి ఎక్కడో పెడతారనుకున్నా. నేను కట్టిన గోడ ఏదీ పడలేదు, ఇదీ పడదు, నేనొక్కణ్ణే ఆపుతా అనుకున్నా. ఫోనులో నీ గొంతు ఎవరిదో తనకి తెలియలేదు. తెలియలేదని నీకు చెప్పడం కన్నా కోపమని చెప్పడం తేలిక అనిపించింది. కోపమైతే తగ్గుతుందని నువ్వు ఎదురుచూస్తావు. ఇది తగ్గేది కాదు.

ఆ రోజు బుల్బు వెలిగి నేను పరుగెత్తినప్పుడు, మీ అక్క గాలికి కూర్చోలేదు. తల దువ్వుకుంది. ఒళ్ళో సంచీ, సంచీలో నీళ్ళ సీసా. రెండు దీపాలు మసగ్గా వెలుగుతున్నాయి, ఒకటి బానెట్ కింద, ఒకటి తన తల మీద. "ఎక్కడికే" అన్నా. "చిన్నోడి బడి వదిలే వేళయింది, డ్రైవరు ఇంకా రాలేదు" అంది. ఆ డ్రైవరుని నేనేరా. ఎక్కి ఒక చుట్టు తిప్పి తెస్తే సరిపోయేది. తీగలు తగిలించి ఉన్నాయి కదా, మళ్ళీ విప్పాలి కదా అని, "ఇవాళ బడికి సెలవు" అన్నా. "అలాగా" అని మంచిపిల్లలా దిగి వచ్చింది. నేను దొంగ దొరికాడని నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నా.

ఇప్పుడు నీ బుల్బు సంగతి. నువ్వు తియ్యమన్నావు, తీశాను. ఒరేయ్, నేను చెప్పిన రోగానికి నువ్వు సరైన మందే రాశావు. అసలు రోగం నేను చెప్పలేదు. ముందు సీట్లో ఎవరి కోసం కూర్చుంటోందో ఒక్క ముక్క రాసి ఉంటే, నువ్వు ఆ బుల్బు తియ్యనిచ్చేవాడివా? కుంటుకుంటూ అయినా వచ్చేవాడివి. కాబట్టి ఆ బరువు నీది కాదు. నా ఇంటి గోడ కింద నువ్వెందుకు నిలబడతావు? జరుగు.

నీ ఉత్తరం తనకి చదివి వినిపించానని, ఏమీ అనలేదని రాశా. అది కూడా అబద్ధమే. అన్నది. మొత్తం విని కళ్ళు తుడుచుకుంది. "ఎవరో పాపం, అక్క కోపగించుకుందని ఏడుస్తున్నాడు. ఆ పిల్లాడికి రాసెయ్యి, అక్కలకి తమ్ముళ్ళ మీద కోపం ఉండదని" అంది. నువ్వెవరో తనకి తెలియలేదు గానీ, అన్నది మాత్రం నీకే. అప్పుడే రాయాల్సింది. ఇప్పుడు రాస్తున్నా, తీసుకో.

టైలరు దగ్గరికి వెళ్ళా. ఆ రోజు ఏం చెప్పబోయావురా అని అడిగా. "మధ్యాహ్నం పూట అమ్మగారు బండిలో కూర్చుని, బడి గంట కొట్టారా అని నన్ను అడిగేవారు. ఇంకా లేదమ్మా అనేవాణ్ణి. మాకు బండి తోసే పని తప్పాక మాత్రం ఆ దగ్గరికే రాలేదు" అన్నాడు. బండి తోయడానికి మళ్ళీ రమ్మన్నా.

మొన్న ఆ బుల్బు మళ్ళీ పెట్టా. నా వేళ్ళు మొద్దువి, రెండుసార్లు కింద పడింది, పగల్లేదు. పక్క సీటు తలుపు మీ అక్క వేసినట్టే వేశా, అంటీ అంటనట్టు. దీపం వెలిగింది. మర్నాడు తాళం తిప్పితే టిక్ టిక్. ఛార్జింగు పెట్టించా, మళ్ళీ అలాగే తలుపు వేశా. మళ్ళీ దిగింది. దిగనీ. ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. ఇది బాగుచెయ్యమని నిన్ను అడగడం లేదు.

కాలు నయమయ్యాక రా. రాకపోతే రాకు, నేనెవర్నీ బతిమాలను. వస్తే మాత్రం బస్టాండు నుంచి నడిచి రావద్దు, ఆటో ఎక్కొద్దు. అక్కడే బస్టాండు గేటు దగ్గర నిలబడు. టైలరూ వాళ్ళూ తోస్తారు, బండి స్టార్టు చేసుకుని నేనొస్తా. ఆలస్యమవుతుంది. బస్సు దిగినవాళ్ళు అందరూ వెళ్ళిపోయినా నువ్వు వెళ్ళిపోకు. బడి వదిలాక నిలబడేవాడివి కదా, అలాగే నిలబడు.

నిన్ను తీసుకురావడానికి వస్తాను.

బావ